నేను మోసే అరవై మూడు

నేను ఎస్‌టీఎమ్-1 మక్స్‌ని. చాలా ఫోను మాటలను కలిపి ఒకే ఫైబరు మీద పంపే యంత్రాన్ని. తాండూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఒక ఇనుప ర్యాకు నా చోటు. మైనస్ 48 వోల్టుల కరెంటు మీద బతుకుతాను. కరెంటు పోయినా నాకు తెలియదు, పక్కగదిలో బ్యాటరీలున్నాయి. నా ఫైబరు వికారాబాదులో ఉన్న నా జోడీ దాకా, అక్కణ్నుంచి హైదరాబాదుకూ పోతుంది. 2000 అక్టోబరు 1న బీఎస్‌ఎన్‌ఎల్ పని మొదలుపెట్టాక, ఎస్టీడీ బూతుల ముందు ఇంకా జనం నిలబడుతున్న రోజుల్లో నన్నిక్కడ బిగించారు.

ఈ ఊరి మాటలు మొయ్యడం నాకెంతో ఇష్టం. నాపరాళ్ల లారీ ఎక్కడిదాకా వచ్చిందని ఉర్దూలో ఒకరు, కందుల ధర ఎంత పలికిందని తెలుగులో ఒకరు, చించోళి చుట్టాల క్షేమం కన్నడంలో ఇంకొకరు అడుగుతారు. నా దగ్గరికి వచ్చేసరికి అన్నీ అంకెలే. ఫోనులో వినపడే గొంతు 3,400 హెర్ట్జ్ దాటదు. దాన్ని పోగొట్టకుండా పట్టుకోవాలంటే అంతకు రెట్టింపుకు మించి, అంటే సెకనుకు 8,000 సార్లు కొలవాలి. ఒక్కో కొలతకు 8 బిట్లు. గుణిస్తే 64 కిలోబిట్లు. మాటను ఇలా అంకెలు చెయ్యొచ్చని 1937లో పారిస్‌లో పనిచేస్తున్న ఆలెక్ రీవ్స్ అనే ఆంగ్లేయ ఇంజనీరు ఊహించాడు. అప్పటికి దాన్ని చవగ్గా చేసి చూపే పరికరాలే లేవు.

ముప్ఫై గొంతులు కలిస్తే ఒక ఈ-వన్. మా వాళ్లు ‘టూ ఎంబీ’ అంటారు. అందులో ఉండేవి 32 గదులు, మొత్తం 2,048 కిలోబిట్లు. సున్నా నంబరు గది ఫ్రేము, అంటే ఆ 32 గదుల వరస, ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది. పదహారో గదిలో ఎవరు ఎవరికి రింగు చేస్తున్నారన్న కబురు నడుస్తుంది. మాటలకు మిగిలేది 1,920. తాండూరు మార్కెట్‌లో కందుల బస్తా తూచి బార్దాన్ బరువు తీసేసినట్టే ఇదీ. కానీ ఆ తీసేసిన దాన్ని వృథా అనకండి. సున్నా గది గుర్తు దొరక్కపోతే ఆ ముప్ఫై మందిలో ఎవరి మాట ఎవరిదో విడదీయలేను. డేటాకే ఇచ్చిన ఈ-వన్‌లో పదహారో గదినీ వాడుకోవచ్చు, అప్పుడు 1,984 అవుతుంది. అందుకే ‘ఈ-వన్ అంటే ఎంత?’ అని అడిగితే దేనికని తిరిగి అడగాల్సిందే.

నేను అలాంటివి 63 మోస్తాను. ఒక్కో ఈ-వన్‌ను 2,176 కిలోబిట్లు పట్టే కంటెయినర్‌లో పెడతాను. కాస్త వదులు ఎందుకంటే, ఏ రెండు ఎక్స్ఛేంజీల గడియారాలూ అచ్చంగా ఒకేలా నడవవు. ఒక ఈ-వన్ సెకనుకు వంద బిట్ల దాకా అటూ ఇటూ కావచ్చు. దారి వివరాలు చేరిస్తే 2,240, ఎక్కడ మొదలైందో చూపే పాయింటర్ చేరిస్తే 2,304. ఆ పాయింటరంటే నాకు గౌరవం. నా ముందు తరం మక్స్‌లు వికారాబాదులో ఒక్క ఈ-వన్ దించాలంటే 140 మెగాబిట్లను 34గా, 34ను 8గా, 8ని 2గా విప్పి, మిగతావన్నీ మళ్లీ కట్టేవి. నేను పాయింటర్ చూసి సరిగ్గా ఆ ఒక్కటే దించుతాను. నా వేగం 155.52 మెగాబిట్లు. 63 ఈ-వన్‌లూ నిండితే 1,890 గొంతులు, అచ్చంగా మాటలే 120.96 మెగాబిట్లు.

కొడుకో కూతురో అమెరికాలో ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ 1962 నుంచీ టీ-వన్‌లు: 24 గొంతులు, ఫ్రేముకు ఒక అదనపు బిట్టు, మొత్తం 1,544 కిలోబిట్లు. వేగాలు పక్కపక్కన పెడితే పొంతన కుదరదు. గొంతులు లెక్కపెడితే కుదురుతుంది: మన నాలుగూ 120, వాళ్ల అయిదూ 120. గొంతును కొలిచే పద్ధతి కూడా వేరు, మనది ఏ-లా, వాళ్లది మ్యూ-లా. అంతర్జాతీయ నియమం ప్రకారం మార్చుకునే బాధ్యత మ్యూ-లా దేశానిది. తాండూరు తల్లి మాట ఏ-లాలోనే సముద్రం దాటుతుంది.

ఒకసారి ఒక ఆఫీసుకు 64 కిలోబిట్ల లీజ్డ్ లైన్ ఇచ్చారు. మెగాబైటు ఫైలు పదహారు సెకన్లలో పోవాలని వాళ్లు పట్టుబట్టారు. బైటుకు 8 బిట్లు, అంటే ఆ లైను సెకనుకు 8 కిలోబైట్లే మోస్తుంది. ఫైలుకు రెండు నిమిషాలు పైనే పడుతుంది. లైను బాగానే ఉన్నా దాని మీద ఎన్నో ఫిర్యాదులు రాశారు. లైను అమ్మేటప్పుడే ఈ ఎనిమిది సంగతి చెప్పి ఉండాల్సింది.

ఈమధ్య ఈథర్నెట్ అడుగుతున్నారు. మొన్న కొత్త కుర్రాడు నా ముందు నిలబడి తన పై ఇంజనీరును అడిగాడు.

“పది ఎంబీకి అయిదు టూ ఎంబీలు ఎందుకు సార్? నాలుగు సరిపోవా?”

“కంటెయినర్‌లకెల్లి లెక్కపెట్టు. నాలుగైతే ఎనిమిదిన్నర దాటి ఆగుతది. అయిదు ఇయ్యి.”

అయిదు కలిస్తే 10.88 మెగాబిట్లు. ఆ అయిదూ వేర్వేరు దారుల్లో పోయి ముందూ వెనకా చేరినా, వికారాబాదులో నా జోడీ ముందొచ్చినవాటిని ఆపి, వెనకపడ్డదాన్ని కలుపుకొని, వరుస తప్పకుండా అప్పగిస్తుంది.