అల్లనేరేడు సభ

మృగశిర కార్తె ప్రవేశించి, నల్లమల అంచున కురిసిన నాలుగు చినుకులకే అహోబిలపు దారిలోని అల్లనేరేడు చెట్లు పండి నల్లబడి, గంపలకొలది ఫలములు ఆళ్ళగడ్డ బస్టాండునకు దిగుచున్న దినములలో, కర్నూలునుండి కడపకు పోవలసిన బస్సు ఆలస్యమగుటచేత, ముగ్గురు మహానుభావులు ఒక అవ్వ గంప చుట్టును చేరి మధుమేహమును నిర్మూలించుటకు పూనుకొనిరి. మొదటివాడు స్వానుభవరాయలు, తన పొట్టయే ప్రమాణగ్రంథముగా గలవాడు. రెండవవాడు యంత్రశాస్త్రి, ఒంటిలోని చక్కెరను రేయింబవళ్ళు కొలిచెడు బిళ్ళను భుజమునకు అంటించుకొని, దానిని లోకమునకు చూపుటకై చొక్కా చేతిని మడిచి తిరుగువాడు. మూడవవాడు చూర్ణానందము, చంకను సంచి, సంచిలో డబ్బాలు.

స్వానుభవరాయలు: అయ్యా, నిరుడు ఈ పండ్లను దినమునకు అరశేరు చొప్పున భుజించితిని. షుగరు దిగివచ్చినది. కావున ఇది సర్వమానవులకును దివ్యౌషధము.

యంత్రశాస్త్రి: నిరుడే తమరు కుందూ గట్టున ప్రాతఃకాలపు నడక ఆరంభించితిరనియు, రాత్రి అన్నము మాని జొన్నరొట్టె పట్టితిరనియు వినియున్నాను.

స్వానుభవరాయలు: అవి చిల్లర సంగతులు. పండు ప్రధానము.

యంత్రశాస్త్రి: నిన్న నేను పది పండ్లు తినితినో లేదో, నా బిళ్ళ 190 చూపినది. కావున ఇది సర్వమానవులకును విషము. శాస్త్రమేమనుచున్నదో వినుడు. 2015లో ఇజ్రాయెల్ దేశపు వైజ్మన్ సంస్థవారు 800 మందిని పరిశీలింపగా, ఒకే పదార్థము ఒకరికి షుగరును కొండెక్కించినది, మరియొకరికి కదిలింపనైన లేదు. 2020లో ప్రకటితమైన బ్రిటిషు పరిశోధనలో వేయిమందికి ఒకే తీరు భోజనము పెట్టిరి. వారిలో కవలలు పెక్కురు. ఒకే పిండమునుండి చీలిన కవలలకు సైతము ఫలితమొక్కటి కాలేదు.

స్వానుభవరాయలు: అట్లయిన తమ 190తో నాకేమి పని?

యంత్రశాస్త్రి: భేదములు తక్కినవారికి. నాది కొలిచి చూచిన అంకె.

(శాస్త్రిగారు చదివినది సత్యమే. చదివినదానిని తనకు తప్ప తక్కిన జగత్తున కంతటికి అన్వయించుట విద్యావంతుల కబ్బిన ప్రత్యేక విద్య.)

యంత్రశాస్త్రి: మరియొకటి. దానిమ్మలో, స్ట్రాబెర్రీలో, ఈ నేరేటిలోను ఎల్లాజిటానిన్లను వగరు పదార్థములున్నవి. మన పేగులలోని సూక్ష్మజీవులు వానిని విరిచి యూరోలిథిన్లుగా మార్చిన పిదపగాని అవి చక్కగా రక్తమున చేరవు. కొందరి పేగులు ఒక విధముగా మార్చును, కొందరివి మరియొక విధముగా. కొందరివి మార్చనే మార్చవు. అందుచేత పండితులు జనులను మూడు తెగలుగా విభజించిరి.

చూర్ణానందము: (ఉలిక్కిపడి లేచి) మూడు తెగలా! స్వామీ, ఇంతకాలము ఒకే డబ్బా అమ్మి ఎంత నష్టపోతిని! ఇదిగో, నేరేడు గింజల చూర్ణము. ఎర్రమూత మూడువందలు, నీలిమూత అయిదువందలు, బంగారుమూత తొమ్మిదివందలు. ఎవరి తత్త్వమునకు తగినది వారిది.

అవ్వ: ఏంసామీ, మూడు డబ్బాల్లోనూ పొడి ఒగే తీరుగుండాదే?

చూర్ణానందము: అవ్వా, భేదము తినువారియందున్నది గాని తినెడు వస్తువునందు లేదని శాస్త్రిగారు ఇప్పుడేగదా సెలవిచ్చిరి.

యంత్రశాస్త్రి: బ్రెజిల్ దేశపు వైద్యులు నేరేడాకు కషాయమును మధుమేహ రోగులకిచ్చి, దాని ప్రక్కన షుగరు మాత్రను, ఉత్తుత్తి మందును ఉంచి పరీక్షింపగా, మాత్ర ఒక్కటే పనిచేసినది.

చూర్ణానందము: అది ఆకు. నాది గింజ.

అవ్వ: (శాస్త్రితో) నిన్న పండ్లు తినకముందు ఏం తింటివప్పా?

యంత్రశాస్త్రి: పెండ్లివారింట రెండు ఓళిగలు. అవి లెక్కలోనివి కావు.

అవ్వ: రేతిరి నిద్రబోతివా?

యంత్రశాస్త్రి: బిళ్ళ ఏమి చూపుచున్నదో చూచుకొనుచు తెల్లవార్లు కూర్చుంటిని. నిద్ర ఎక్కడిది?

(ఆ బ్రిటిషు పరిశోధకులును, ఏ వేళ తినిరి, ఎంతసేపు నిద్రించిరి, అంతకుముందు ఏమి తినిరి యని విచారించి, వీనివలన సైతము ఒకే మనుష్యునికి ఒకనాటి అంకె మరునాటి అంకెతో కలియదని తేల్చిరి. అవ్వ ఆ విచారణను పండ్లు తూచుచునే ముగించినది.)

అవ్వ: నా కడుపున పుట్టినోళ్ళే ఇద్దురు. పెద్దోడు గంపెడు తిన్యా ఏంగాదు. చిన్నోనికి దోసెడు తింటే కడుపు పట్టేస్తాది. ఇద్దురికీ ఒగే మాట యెట్లజెప్పేది?

స్వానుభవరాయలు: పెద్దవాని కడుపే సరియైన కడుపు.

యంత్రశాస్త్రి: చిన్నవానికి ఒక బిళ్ళ అంటింపుడు.

చూర్ణానందము: ఇద్దరు బిడ్డలున్న తల్లికి రెండవ డబ్బా సగము ధరకే.

అంతవరకు టవలు భుజాన వేసుకొని ప్రక్కన నిలిచియున్న చాగలమర్రి రైతొకడు, "అట్లయితే నేను షుగరు మాత్తర్లు మానేయచ్చునా సార్?" అని అడిగెను. రాయలు మానవచ్చుననెను, శాస్త్రి ముందుగా రెండు వారములు బిళ్ళ ధరించి రమ్మనెను, చూర్ణానందము బంగారుమూత చేతికిచ్చెను. ముగ్గురును ఒక్కసారిగా మాటలాడుటచేత ఆ రైతునకు ఒక్క ముక్కయు వినబడక పోవుట అతని పూర్వపుణ్యము.

అవ్వ: మాత్తర్లు మానద్దప్పా. డాకటరు నడిగి తిను, నాలుగే తిను, తిని ఆయప్ప దగ్గరే చూపిచ్చుకో. నా పండ్లు తిని నువ్వు యాడన్నా పడిపోతే, మా ఊర్లో నా మొగం యెట్ల చూపిచ్చేది?

ఇంతలో బస్సు వచ్చెను. నాడు అవ్వ గంపలో సగము పండ్లు మిగిలినవి. చూర్ణానందము సంచిలోని డబ్బాలు పదునొకండును అమ్ముడుపోయినవి. అందు తొమ్మిది బంగారుమూతవి.