వింత శబ్దానికి రీరికార్డింగ్

2020 అక్టోబరు మొదట్లో హైదరాబాద్ బోరబండలో నేల లోపల్నుంచి ధబ్ ధబ్‌మని శబ్దాలొచ్చాయి. జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు. పాపం, కాళ్లకింద నేల పలికితే ఎవరికైనా గుండె జారుతుంది. నా గొడవంతా టీవీ కెమెరాలు దిగాక మొదలైన రెండో శబ్దంతోనే. జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో భూమి నోరు విప్పితే రీరికార్డింగ్ లేకుండా వదులుతారా? దెయ్యాల సినిమా మ్యూజిక్కు, ఎర్రక్షరాల్లో 'అంతుచిక్కని వింత శబ్దాలు'. ఆ హోరులో అసలు ధబ్ వినే భాగ్యం మాత్రం ప్రేక్షకుడికి దక్కలేదు.

పోనీ, నేరం భూగర్భ రైలు మీదికి తోసేద్దామా అంటే మన మెట్రో పిల్లర్లు దిగనే లేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర దాని చప్పుడంతా మన నెత్తిమీదే.

ఇంతకీ అంతు చిక్కకపోవడానికేముంది? జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్జీఆర్ఐ) వాళ్లు హబ్సిగూడ నుంచి వచ్చారు, సీస్మోగ్రాఫులు పెట్టారు, చెప్పారు: రిక్టరు స్కేలు మీద 2 కూడా దాటని బుల్లి అదురులు. వానలు దంచికొడితే నీరు గ్రానైటు పగుళ్లలోకి దిగి ఒత్తిడి పెంచుతుంది. ఏళ్ల తరబడి బిగుసుకున్న రాయి ఎక్కడో వెంట్రుకవాసి జారుతుంది. లోతున జరిగితే ఆ చప్పుడు దారిలోనే అణిగిపోయేది. ఇది పైపైనే, పైగా గట్టిరాతిలో. ఆ అదురు నేలదాకా వచ్చేస్తుంది, నేల స్పీకరు రేకులా ఊగి గాలిని కొడుతుంది. ఇల్లు కూల్చే సత్తా దానికెక్కడిది? 1969లో భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం 5.7. బోరబండది అందులో లక్షో వంతు శక్తి కూడా కాదు.

2017లోనూ ఇదే బోరబండ, ఇవే శబ్దాలు, దాదాపు ఇదే జవాబు. అయినా మూడేళ్లు తిరిగేసరికి మళ్లీ 'మిస్టరీ'. మనవాళ్లకి సీక్వెల్ అంటే ఉన్న మోజు అలాంటిది. వాననీరు విలన్ అంటే ఏ ప్రొడ్యూసరు ఒప్పుకుంటాడు?

జూబ్లీహిల్స్ గుట్టల్లో మాత్రం బంగళాల సెల్లార్ల కోసం అదే గ్రానైటుకి కన్నాలు పెట్టి, మందు దట్టించి పేలుస్తారు. పక్కింటి కిటికీలు గడగడలాడతాయి, గోడ బీటలిస్తుంది, పనిమనిషి గిన్నెలొదిలేసి బయటికి పరిగెడుతుంది. ఆ మోత ఎవరికీ వింత కాదు, అందులో మిస్టరీ ఉందని స్క్రోలింగూ రాదు. కెమెరాలు అక్కడికీ వస్తాయి లెండి, గృహప్రవేశం నాడు.