ఊపిరి తీసుకోని గాయని

మా రోజుల్లో పాటంటే ముందు మనిషి. ఘంటసాల, లీల, జిక్కి, పిఠాపురం... రేడియోలో పల్లవి ఎత్తుకోగానే ఎవరో చెప్పేసేవాళ్లం. మద్రాసు స్టూడియోలో గాయకులూ వాద్యాలవాళ్లూ ఒకేచోట చేరి పాట రికార్డు చేసేవారు. ఆఖరి చరణంలో ఒక్కరు తప్పినా మళ్లీ మొదటినుంచీ పాడాల్సిందే. అందుకే అంత రిహార్సలు, అంత భయం, అంత శ్రద్ధ. ఆరోగ్యం బాగోని చివరి రోజుల్లో ఘంటసాల పాడిన భగవద్గీత వినండి. అది కుర్రతనంలో పాడిన గొంతు కాదు. వయసూ బాధా అందులో కలిశాయి కాబట్టే ఇప్పటికీ మన గుళ్లలో, ఇళ్లలో మోగుతోంది.

ఇప్పుడేమో జపాను నుంచి వచ్చిన హత్సునే మికు అనే గాయని పేరు కుర్రాళ్ల నోట వింటున్నాం. సపోరోలోని క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అనే కంపెనీ 2007 ఆగస్టు 31న ఆమెను అమ్మకానికి పెట్టింది. అవును, అమ్మకానికే. ఆమె ఒక సాఫ్ట్‌వేర్, ముఖానికి ఒక అమ్మాయి బొమ్మ. ఫుజితా సాకి అనే నటి గొంతును చిన్న చిన్న ధ్వనులుగా రికార్డు చేసి, యమహా వాళ్ల వోకలాయిడ్ పద్ధతిలో అతికించారు. కంప్యూటర్లో స్వరాలు పెట్టి, కింద సాహిత్యం టైపు చేస్తే పాడుతుంది. వయసు పదహారని కంపెనీయే నిర్ణయించింది, ఇన్నేళ్లయినా పదహారే. జలుబు చెయ్యదు, గొంతు బొంగురుపోదు, ఊపిరి కోసం ఆగదు. 2014లో అమెరికాలో లేడీ గాగా కచేరీలకు ముందు ఈ బొమ్మ చేతే పాడించారు. 2024లో కోచెల్లా సంగీత ఉత్సవానికీ తీసుకెళ్లారు. తెర మీద బొమ్మ ఆడుతుంటే వేలమంది చేతుల్లో లైట్లు పట్టుకుని ఊపుతారు. పక్కన గిటారు, డ్రమ్సు వాయించేవాళ్లు మాత్రం నిజం మనుషులే. చెమటోడ్చేది వాళ్లు, జేజేలు బొమ్మకి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మంచి జరగలేదనను. పాడేవాళ్లు దొరకని కుర్రాళ్లు ఇంట్లో కూర్చుని దీంతో పాటలు కట్టుకున్నారు. జపాను గాయకుడు కెన్షి యోనెజు ‘హాచి’ అన్న పేరుతో అలాగే మొదలుపెట్టాడు. కానీ తర్వాత తన నోటితో తనే పాడాడు, జపాను నెత్తిన పెట్టుకున్నది ఆ గొంతునే.

మికు కంటే ముందే, 1996లో జపానులోని హోరిప్రో కంపెనీ క్యోకో దాతే అనే కంప్యూటర్ అమ్మాయిని గాయనిగా దింపింది. అదే ఏడు మన ఈటీవీలో గాయకుడు బాలు ‘పాడుతా తీయగా’ పాటల పోటీ మొదలుపెట్టారు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ళకారం ఎలా పలకాలో, శ్రుతి ఎక్కడ జారిందో పాడటానికొచ్చిన పిల్లలకి ఓపిగ్గా చెప్పేవారు. తనకు మొదటి పాట ఇచ్చిన కోదండపాణి గారి పేరే తన రికార్డింగ్ థియేటర్‌కు పెట్టుకున్నారాయన. గొంతు వెనక గురువు ఉండేవాడు, ఆ రుణం గుర్తుండేది.

అంతటి గొంతుకి ఏ గతి పట్టింది? బాలు 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును కంప్యూటర్‌తో పుట్టించి, ఇంటివాళ్లకు మాట మాత్రం చెప్పకుండా వాడారంటూ కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపాల్సి వచ్చింది. కనీసం మికు దగ్గర ఆ గొడవ లేదు. ఫుజితా సాకి తెలిసి, ఒప్పుకుని గొంతు ఇచ్చింది. 2024లో ‘లాల్ సలామ్’ సినిమా కోసం చనిపోయిన గాయకులు షాహుల్ హమీద్, బంబా బాక్యా గొంతులు కంప్యూటర్‌తో పుట్టించి వాడినప్పుడు సంగీత దర్శకుడు రెహమాన్ కూడా ఆ కుటుంబాల అనుమతి తీసుకున్నారు, డబ్బిచ్చారు. పోయినవాళ్ల చేత పాడించడం నాకు ససేమిరా ఇష్టం లేదు. అయినా అడిగి చెయ్యడం వేరు, ఎత్తుకుపోవడం వేరు.

సినిమాలు తీసే బాబులూ, గొంతు కావాలంటే ఊరూరా పాడే పిల్లలున్నారు, వాళ్లని పిలవండి. పోయినవాళ్ల గొంతే కావాలని పట్టుబడితే ముందు ఆ ఇంటి గుమ్మం ఎక్కి అడగండి. కాదంటే వెనక్కి వచ్చెయ్యండి.