గ్రాంటు లేని పరిశోధకుడు

ఆదోని యార్డులో వ్యాపారి పత్తి కుప్పలోకి చెయ్యి దూర్చి గుప్పెడు తీస్తాడు. దూదిలో పసుపు మచ్చ, నడుమ పుచ్చు గింజ కనబడితే చాలు, ఇంకో మాట లేకుండా ధర కోసేస్తాడు. ఆ మచ్చ గులాబీ రంగు పురుగు సంతకం. పరిశోధన అంటే దానిదీ! 2006లో దాన్ని చంపడానికి బీటీ పత్తి విత్తనం బోల్‌గార్డ్‌-2 వస్తే పైసా గ్రాంటు అడగకుండా, కమిటీ వెయ్యకుండా పదేళ్లు తిరక్కముందే అరాయించుకుంది.

మన సంగతి వేరు. పరిశోధనకు దేశం పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతం. సర్కారు సొంత బీటీ పత్తి 'బికనేరి నర్మా'ను 2009లో రైతుల చేతికిచ్చి ఆనక వెనక్కి లాక్కున్నారు. విచారిస్తే అందులో బయటపడింది మోన్‌శాంటో జన్యువు! 2023లో చట్టం చేసి పరిశోధన ఫౌండేషన్‌కు అయిదేళ్లలో 50 వేల కోట్లన్నారు. అందులో 36 వేల కోట్లు కంపెనీలు, దాతల వంటి వారి నుంచి రావాలట. అత్త సొమ్ము అల్లుడు దానం.

పత్తి దిగుబడి పెంచడానికి 2025 బడ్జెట్లో అయిదేళ్ల మిషన్ ప్రకటించారు. విదేశీ పత్తి మీద 11 శాతం సుంకం తాత్కాలికంగా ఎత్తెయ్యడానికి మాత్రం అదే ఏడాది ఆగస్టులో ఒక్క రాత్రి సరిపోయింది.

ఎమ్మిగనూరు పక్కన బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. అలాంటి చోట్ల శాస్త్రవేత్తలు గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు పెట్టమంటారు. వాటిలో మగ రెక్కల పురుగులు పడతాయి. నిధులు పడే బుట్ట ఇంకా మార్కెట్లోకి రాలేదు.