తోడల్లుడి స్టేటస్

2024లో ముకేశ్ అంబానీ గారి చిన్నబ్బాయి పెళ్ళి జరిగింది. నెలల తరబడి ఎక్కడ చూసినా ఆ వీడియోలే. జామ్‌నగర్‌లో రిహానా పాడింది, ముంబైలో జస్టిన్ బీబర్ పాడాడు. అన్నీ చూశాను, హాయిగా నిద్రపోయాను. మా తోడల్లుడు కారు మార్చాడు. బానెట్‌కి పూలదండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ఫొటో ఒకటి స్టేటస్‌లో పెట్టాడు. ఆ రాత్రి నాకు కునుకు లేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేనేం వెలగబెట్టానా అని లెక్కలు వేసుకుంటూ తెల్లవార్లూ సీలింగ్ ఫ్యాను చూస్తూ పడుకున్నాను.

ఇది నా ఒక్కడి జబ్బు కాదని లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే తేల్చేశాడు. తానెంతవాడో కొలుచుకోవడానికి వేరే కొలబద్ద దొరకనప్పుడు మనిషి పక్క మనిషిని పట్టుకుంటాడట. అదీ అందనంత ఎత్తులో ఉన్నవాణ్ణి కాదు, ఇంచుమించు తన ఈడూ జోడూ అయినవాణ్ణి. ఒకే ఇంటి అల్లుళ్ళ సంగతి ఇంతకన్నా బాగా మా అత్తగారు కూడా చెప్పలేరు.

అల్లుళ్ళన్నాక పోలిక మా మావగారి కాలంలోనూ ఉండేది. కాకపోతే అప్పట్లో తోడల్లుడు సంక్రాంతికి కనబడేవాడు. బనీనుతో, గురకతో, గ్యాస్ మాత్రలతో సహా కనబడేవాడు. అరిసెలు అరక్క ఒకడు, పేకాటలో పోగొట్టుకుని ఒకడు, కనుమ నాటికి ఇద్దరూ సమానమైపోయేవారు. 2017లో వాట్సాప్ వాళ్ళు ఈ ఇరవై నాలుగ్గంటల స్టేటస్ తెచ్చాక మావాడు రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కాలో నా చేతిలోకి వచ్చేస్తున్నాడు. గురక మాత్రం రావడం లేదు.

మొన్నీమధ్య కోకాపేటలో గృహప్రవేశం చేశాడు. ఇరవై ఏడో అంతస్తు. ఆవు అంత పైకి రాదు కనుక దానికి సెల్లార్‌లోనే దణ్ణం పెట్టుకుని లిఫ్టెక్కాం. మా మరదలు కొత్త స్టవ్ మీద కొత్త ఇత్తడి గిన్నెలో పాలు పెట్టింది. పాలు చక్కగా తూర్పుకే పొంగాయి. పెద్దవాళ్ళు హమ్మయ్య అనుకున్నారు. అప్పుడు వచ్చాడు, లెన్స్ మార్చుకుని, వీడియో కుర్రాడు.

"మేడమ్, పొంగడం మిస్సయింది. ఇంకోసారి పొంగిద్దాం. సార్, మీరు కొంచెం ఆశ్చర్యంగా చూడాలి."

పరుగెత్తి ఇంకో రెండు పాల పాకెట్లు తెచ్చారు. ఫ్రిజ్‌లోంచి తీసినవి, ఎంతకీ పొంగవు. మా తోడల్లుడు ఆశ్చర్యపోవడానికి సిద్ధంగా నోరు కొద్దిగా తెరిచి నిలబడ్డాడు. పట్టుపంచె జారిపోతోంది, దాన్ని ఒక చేత్తో పట్టుకున్నాడు. మా మరదలు చెమట తుడుచుకుంటూ "తొందరగా కానివ్వు బాబూ, మేకప్ కారిపోతోంది" అని విసుక్కుంటోంది. తీరా పొంగేసరికి పాలు పడమటికి పొంగాయి. పెద్దవాళ్ళ మొహాలు మాడాయి. "పర్లేదాంటీ, ఎడిటింగ్‌లో తిప్పేస్తా" అన్నాడు కుర్రాడు. ఈలోగా గిన్నె అడుగంటి ఇల్లంతా మాడు వాసన.

ఇదంతా నేను పక్కనే నిలబడి చూశాను. మర్నాడు రాత్రి రీలు వచ్చింది. సన్నాయి, డ్రోను, నెమ్మదిగా తూర్పుకే పొంగుతున్న పాలు, మా తోడల్లుడి మొహంలో ఆశ్చర్యం. చూస్తూ చూస్తూ "ఎంత అదృష్టవంతుడు!" అనేశాను. మాడు వాసన పీల్చిన మనిషిని నేను! నాకే ఇలా ఉంటే ఎక్కడో అనకాపల్లిలో కూర్చుని చూసినవాళ్ళ గతేమిటి?

లెక్కల శాస్త్రం కూడా మన పక్షాన లేదు. సగటున మన స్నేహితులకు మనకన్నా ఎక్కువమంది స్నేహితులుంటారని 1991లో స్కాట్ ఫెల్డ్ అనే సోషియాలజిస్టు నిరూపించాడు. నలుగురితో తిరిగేవాడు నలుగురి జాబితాల్లోనూ ఉంటాడు, ఎవరితోనూ తిరగనివాడు ఎవరి లెక్కలోకీ రాడు, అంతే కిటుకు. ఫోనులోనూ ఇదే తంతు. రోజూ పెట్టేవాళ్ళే రోజూ కనబడతారు. పొద్దుటి ఉప్మా రాత్రి తినేవాడు ఫొటో తియ్యడు. నా కాంటాక్టులందరిలో ఉప్మా తింటున్నది నేనొక్కణ్ణే అనిపించేది అందుకే.

మందు లేదా అంటే ఉంది, మ్యూట్. నొక్కితే అవతలివాళ్ళకు తెలియదంటారు. మా బాబాయికి తెలిసింది. ఓ పెళ్ళి బంతిలో, పప్పు వడ్డిస్తుండగా అడిగాడు. "ఏరా, మనవడి బారసాల ఫొటోలు పెట్టాను, చూసినవాళ్ళలో నీ పేరు లేదు. అంతకుముందు షిరిడీ ఫొటోలకీ లేదు." స్టేటస్ కింద కన్ను బొమ్మ ఉంటుంది చూడండి, మనవాళ్ళకు అది చదివింపుల పుస్తకం. ఎవరొచ్చారు, ఎవరు ఎగ్గొట్టారు, అంతా అందులో ఉంటుంది. మ్యూట్ చెయ్యమని సలహాలిచ్చే నిపుణులకు బాబాయిలు ఉండరు కాబోలు.

ఆ మధ్య ఓ ఆదివారం తోడల్లుడింటికి వెళితే, అతనూ ఫోను చూస్తూ నిట్టూరుస్తున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పక్కన చేరాను. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఎవరిదో ఇల్లు, వెనక స్విమ్మింగ్ పూల్.

"చూశారా అన్నయ్యగారూ, వీడు ఇంజినీరింగులో నా వెనక బెంచీ. నా పేపర్ చూసి రాసి పాసయ్యాడు. నేనేమో ఇక్కడ ఈఎంఐలు కట్టుకుంటూ..."

జాలి పడాల్సిన సమయమే. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఫెస్టింగర్ లెక్కన అతను కుళ్ళుకోవాల్సింది నన్ను చూసి. అతనికి ఉన్న ఒక్కగానొక్క తోడల్లుణ్ణి నేను. అతని కోసం నేనిక్కడ నిద్ర మానుకుంటే, అతను నన్ను దాటుకుని ఫ్రిస్కో వెళ్ళిపోయాడు!

ఇలా కాదని నేనూ ఓ స్టేటస్ పెట్టాను. మంగళవారం, ఆఫీసుకి సెలవు. బయట వాన. బాల్కనీలో వాలుకుర్చీ, ఒళ్ళో పుస్తకం, స్టూలు మీద పకోడీలు. తీగ మీది తువ్వాళ్ళు తీయించి మరీ ఫొటో తీశాను. మధ్యాహ్నం మూడు గంటలు. పనిరోజున ఈ వైభోగం ఇరవై ఏడో అంతస్తులో మాత్రం దొరుకుతుందా?

ఐదు నిమిషాల్లో ఫోను మోగింది. తోడల్లుడే. పకోడీ చేత్తో ఎత్తలేక స్పీకర్‌లో పెట్టాను. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అన్నయ్యగారూ, ఆఫీసులో ఏమైనా ఇబ్బందా? నా దగ్గర మొహమాటం వద్దు. వదినకి చెప్పారా? మా కంపెనీలో ఒక ఓపెనింగ్ ఉంది, రెజ్యూమె పంపండి."

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ ఇంకో పకోడీ అందుకుంటూ అంది, "మా మరిది అంతగా అడుగుతున్నాడు కదండీ, పంపండి. జీతం ఎంతిస్తారో కూడా కనుక్కోండి."