నేను బబ్బెర్ల సంచిని

సంచి కాకముందు నేను ప్యాంటును. చంద్రపూర్ థర్మల్ పవర్ స్టేషన్‌లో, బొగ్గు బెల్టుల పక్కన, నాలుగేళ్ళు ధూళి తిన్న ఖాకీ గుడ్డను. మోకాళ్ళ దగ్గర నూలు పలచబడగానే బాపు నన్ను విడిచేశాడు. అమ్మ మాత్రం విడవలేదు. ఊర్జానగర్ క్వార్టర్ వెనక వరండాలో, ఆమె కుట్టుమిషన్ మీద, ఒక అక్టోబరు రాత్రి నేను సంచినయ్యాను.

నా అవసరం ఎలా వచ్చిందో చెప్పాలి. ఆ ఇంటి చిన్నోడు పాత హ్యాండీక్యామ్ ఒకటి కొనుక్కున్నాడు. ఊర్జానగర్ నుంచి పద్మాపూర్ మీదుగా తాడోబా అడవి మొహర్లీ గేటుకు రోడ్డు తిన్నగా పోతుంది. వాడూ వాడి స్నేహితులూ డబ్బులు కూడబెట్టుకొని జిప్సీ మాట్లాడుకుంటే ఆ రోజుకు వాళ్ళు పెట్టుకున్న పేరు ‘వేట’. తాడోబా అడవిలో వేటను ఆపేసింది 1935లో. 1955లో అది నేషనల్ పార్కు అయింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక పులుల మీద తుపాకీ వేటకు తలుపులు మూసుకున్నాయి. ఇక్కడి పిల్లలకు మిగిలింది కళ్ళతో, కెమెరాతో చేసే వేటే. ఆ మాటను వాళ్ళు గర్వంగానే వాడతారు. నాకూ అందులో తప్పేమీ కనబడదు. పొద్దున్నే లేవడం, అడుగుజాడలు వెతకడం, జింక కూతకు చెవి ఒగ్గడం, ఊపిరి బిగబట్టి కూర్చోవడం, వేటలో ఉండాల్సినవన్నీ ఇందులోనూ ఉన్నాయి.

మొదటిసారి వాడు ట్రైపాడ్ తీసుకుపోయాడట. ఆరుగురు కూర్చున్న జిప్సీలో దాని మూడు కాళ్ళకూ చోటు దొరకలేదు. ఒక కాలు సీటు మీద, ఒకటి నేల మీద, ఇంకొకటి ఎవరి మోకాళ్ళ మధ్యనో. ట్రైపాడ్ మడిచి చేత్తో పట్టుకుంటే పులి మొత్తం భూకంపంలో నడిచినట్టు వచ్చింది. ఇంటికొచ్చి టీవీలో చూసి వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కొత్తగా కెమెరా కొనేవాళ్ళు ముందుగా జూమ్ ఎంతో చూస్తారు. జూమ్ ఎంత పెరిగితే చేతి వణుకూ అంతగా పెరిగి కనబడుతుందని వాళ్ళకు ఎవరూ చెప్పరు. దూరాన్ని దగ్గరకు తెచ్చేది అద్దమే కావచ్చు, దాన్ని కదలకుండా ఉంచేది మాత్రం కింద ఉన్న బరువు. నేను ఆ బరువును.

"ట్రైపాడ్ కాదు దాదా, గింజల సంచి తెచ్చుకో" అన్నాడట మొహర్లీ గైడు. చిన్నోడు అమ్మకు ఆ మాట చెప్పాడు.

ఏం నింపాలన్నదాని మీద ఇంట్లో రెండు రోజులు చర్చ జరిగింది. బజారులో దొరికే ఇలాంటి సంచుల్లో థర్మాకోల్ పూసలు ఉంటాయి. మోయడానికి సుఖమే, కానీ కెమెరా కొంచెం తిప్పితే కిరకిరమంటాయి, ఆ చప్పుడు మైకులో పడుతుంది. ఇరయీ నది ఇసుక తెస్తానన్నాడు బాపు. ఇసుక బాగా కూర్చుంటుంది, నిజమే. కుట్టు ఒక్కటి ఊడితే అది పోయి చేరేది లెన్సు రింగులోకి. బియ్యం నింపుదామా అంటే, తడి తగిలితే ఉబ్బుతుంది, తొందరగా పురుగు పడుతుంది. చివరికి అమ్మే తేల్చింది.

"బబ్బెర్లు పొయ్యి బిడ్డా. గుండ్రంగా ఉండయి, సన్నగా ఉండయి. ఏడ పెడితె ఆడ్నే కూసుంటయి."

మంచిర్యాల నుంచి వచ్చిన మూడు కిలోల బబ్బెర్లు అలా నా కడుపులోకి చేరాయి. అమ్మ నన్ను ఒకే సంచిగా కుట్టలేదు. వెనకటికి ఎద్దు వీపు మీద రెండువైపులా వేలాడే పెరికను ఆమె తాత దగ్గర చూసిందట. అలాగే రెండు అరలు, మధ్యలో సన్నటి నడుము. ఆ నడుము జిప్సీ కడ్డీ మీద కూర్చుంటే అరలు రెండూ చెరో పక్క వేలాడి, ఎంత గుంతలో పడినా నేను జారను. ఇంకో తెలివైన పని కూడా చేసింది. నన్ను నిండా నింపలేదు. నిండిన సంచి బంతి అవుతుంది, దాని మీద కెమెరా దొర్లుతుంది. మరీ తక్కువైతే కెమెరా అడుగు వెళ్ళి ఇనుముకు తగులుతుంది. నాలుగింట మూడు వంతులు నిండితే, గింజలు పక్కకు జరిగి కెమెరా తనకు తానే గూడు చేసుకుంటుంది.

వీడియోకు ఇదీ చాలదు. ఫోటో అయితే నా మీద పెట్టి నొక్కితే అయిపోతుంది. నడిచే పులి వెంట కెమెరా మెత్తగా తిరగాలి. చిన్నోడు జానెడు టేకు చెక్క తెచ్చి, మధ్యలో రంధ్రం చేయించి, కిందనుంచి బోల్టు బిగించి, పైన చిన్న ఫ్లూయిడ్ హెడ్ కూర్చోబెట్టాడు. కెమెరా అడుగున ఉండే మర పావు అంగుళానిది. ఏ దేశంలో చేసిన కెమెరాకైనా దాదాపు అదే కొలత. చెక్క నా మీద, హెడ్ చెక్క మీద, కెమెరా హెడ్ మీద. మైకుకు బొచ్చు తొడుగు వాడి చెల్లెలి పాత కుక్కబొమ్మ నుంచి వచ్చింది. అది లేకపోతే జిప్సీ వేగానికి గాలి హోరు తప్ప నెమలి కూత వినబడదు. లెన్సు ముందు ఒక మామూలు ఫిల్టరు, మే నెల ఎర్రధూళికి బలి కావడానికి. డిసెంబరు పొద్దున చలికి బ్యాటరీ తొందరగా చచ్చిపోతుంది కాబట్టి రెండోది చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనంలో. ఎండాకాలంలో 47 డిగ్రీలు దాటినప్పుడు కెమెరా మీద తెల్లటి తువ్వాలు.

ఒక మే నెల పొద్దున, తెలియా చెరువు గట్టు మీద, ఇవన్నీ ఒక్కసారి పనికొచ్చాయి.

గడ్డిలో ఆడపులి ఉంది. అవతల నీటి అంచున చుక్కల జింకలు. చిన్నోడు మెల్లగా "భావూ, ఇంజిను" అన్నాడు. డ్రైవరు ఆపాడు. ఇంజిను ఆగగానే నాలోని గింజల వణుకు కూడా ఆగింది. ముందుకు పోనివ్వమని స్నేహితుడు సైగ చేశాడు. చిన్నోడు తల అడ్డంగా ఊపాడు. బండి కదిలితే జింకలు కదులుతాయి, పులి పని చెడుతుంది. వాడి ఎడమ అరచేయి నన్ను కిందికి నొక్కి ఉంచింది, కుడి చేయి హెడ్ పిడి మీద. వాడి నాడి నా గుడ్డకు తెలుస్తోంది. ఆరుగురిలో ఒక్కరూ కాలు కదపలేదు. కదిపితే బండి ఊగుతుంది, బండి ఊగితే నేను ఊగుతాను.

ఆడపులి పొట్ట నేలకానించి ఒక్కొక్క అడుగే వేసింది. ఒక అడుగుకూ ఇంకో అడుగుకూ మధ్య ఎంత సేపో! చెట్టు మీద కొండముచ్చు దగ్గింది. జింకలు తలలెత్తాయి. ఆమె లేచి ఎనిమిది, తొమ్మిది దూకులు దూకింది. జింకలు చీలిపోయాయి. దుమ్ము మిగిలింది.

పులి వేట చాలాసార్లు ఇలాగే తప్పిపోతుంది. ఆమె కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వెనక్కి వెనక్కి నడుస్తూ నీళ్ళలోకి దిగి నడుము దాకా కూర్చుంది. పదకొండు నిమిషాలు. ఒక్కచోట కూడా బొమ్మ వణకలేదు. చిన్నోడు కెమెరా ఆపి, నా మీద నుదురు ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాడు.

2022 ఫిబ్రవరి గురించి చెప్పకుండా దాటలేను. థర్మల్ ఆవరణలో డ్యూటీ ముగించుకొని సైకిలు మీద వస్తున్న ఒక కార్మికుణ్ణి పులి చంపింది. వెంటనే పక్కనున్న దుర్గాపూర్‌లో చిరుత ఒక పిల్లవాణ్ణి ఎత్తుకుపోయింది. బాపు రాత్రి షిఫ్టు నుంచి వచ్చేదాకా అమ్మ తలుపు దగ్గరే నిలబడేది. చిన్నోడు చాలా కాలం నన్ను ముట్టుకోలేదు. నేను అలమర పైన పడి ఉన్నాను. ఒకరోజు కిటికీ గూట్లో పెడితే, గోడవతల స్తంభానికి పట్టీతో కట్టిన అటవీశాఖ కెమెరాను చూశాను. మోకాలెత్తున, చిన్న పెట్టెలాగా.

దానిది మా వంశమే, పుట్టిల్లు వేరు. అమెరికాలో దుప్పి ఏ దారిన పోతుందో ముందుగా తెలుసుకోవడానికి వేటగాళ్ళు చెట్లకు కట్టుకునే కెమెరాలు దానికి దగ్గరి చుట్టాలు. ఇంకా ముందు, 1920లలో, అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ మన అడవుల్లో బాటకు అడ్డంగా తీగ కట్టి, పులి కాలు తగిలి తన బొమ్మ తానే తీసుకునేలా చేశాడు. ఈనాటి పెట్టెకు తీగ అక్కర్లేదు, ఒంటి వేడి కదిలితే చాలు. బాటకు చెరో పక్కన రెండింటిని కడతారు, ఎందుకంటే పులికి ఎడమ పక్క చారలు వేరు, కుడి పక్కవి వేరు. 2018 పులుల లెక్కకు దేశమంతటా 26,838 చోట్ల ఇలా కట్టి మూడు కోట్ల నలభై ఎనిమిది లక్షల బొమ్మలు తీశారు. నేను మనిషి చేయి కింద ఉంటేనే పనిచేస్తాను. అది ఒంటరిగా, రాత్రంతా, జీతం లేని కావలివాడిలా నిలబడుతుంది. ఆ ఫిబ్రవరిలో ఊర్జానగర్‌కు నాకంటే దాని అవసరమే ఎక్కువ. ఈ మాట నిండు మనసుతో అంటున్నాను.

మళ్ళీ అడవికి పొమ్మన్నది అమ్మే. "గా పులి మనూరి పులే కదా బిడ్డా, సూసి రాపో" అంది. ఆమెకు పులి మీద కోపం పోయిందో లేదో నాకు తెలియదు. కొడుకు గదిలోంచి బయటికి రావాలి, అంతే ఆమెకు కావలసింది.

జూన్ చివర అడవి కోర్ గేట్లు మూస్తారు, మళ్ళీ తెరిచేది అక్టోబరు ఒకటిన. మొదటి వాన పడ్డ రోజు అమ్మ నా కుట్టు విప్పుతుంది. గింజలన్నీ చాటలో పోసి, పుచ్చినవి ఏరి పెరట్లో చల్లుతుంది. మంచివి మూడు నీళ్ళు కడిగి నానబెడుతుంది. ఈ ఏడాదీ అలాగే చేసింది. నన్ను ఉతికి వరండా తీగ మీద ఆరేసింది. లోపల పొయ్యి మీద గుడాలు ఉడుకుతున్న వాసన, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తాళింపు. టీవీలో ఆ పదకొండు నిమిషాలు మళ్ళీ పెట్టారు. బాపు గిన్నె ఒళ్ళో పెట్టుకొని, ఒక్కొక్క గింజే నములుతూ, ఆడపులి నీళ్ళలోకి దిగేదాకా మాట్లాడకుండా చూశాడు.