ఒక్క ఫోల్డరే కదండీ!

శుక్రవారం సాయంత్రం టెస్ట్ సర్వర్ పడిపోయిందంటే టీమ్‌లో ముందుగా వినిపించే మాట, "నేను లాగిన్ ఫోల్డర్ తప్ప ఇంకేం ముట్టుకోలేదండీ!" పాపం, అబద్ధమేం కాదు. కుర్రాడు టెర్మినల్‌లో లాగిన్ ఫోల్డర్‌లోకే వెళ్లాడు. రెండు లైన్లు దిద్దాడు. అక్కడే కూర్చుని "గిట్ కమిట్ డాష్ ఏఎమ్" కొట్టి, "లాగిన్ ఫిక్స్" అని మెసేజ్ కూడా పద్ధతిగా రాశాడు. తీరా టీమ్ లీడ్ గిట్ షో కొట్టి చూస్తే లాగిన్ ఫైలు వెనకాలే కాన్ఫిగ్ ఫైలు! తన ల్యాప్‌టాప్‌లో నడవాలని మొన్నెప్పుడో డేటాబేస్ అడ్రసు లోకల్‌హోస్ట్‌గా మార్చుకుని, ఆ సంగతే మర్చిపోయాడు. గిట్ మర్చిపోలేదు.

"ఏమయ్యా, లాగిన్ అన్నావు, మరి ఇదేంటి?"

"అదెలా వచ్చిందో తెలీదండీ."

డాష్ ఏ తీసుకొచ్చింది. మీరు ఏ ఫోల్డర్‌లో ఉన్నారన్నది దానికి అనవసరం. రిపోజిటరీలో గిట్‌కు ఇదివరకే తెలిసిన ఫైళ్లలో ఏవేవి మారాయో అన్నిటినీ ఏరుకొచ్చి కమిట్‌లో పడేస్తుంది.

ఇలాంటప్పుడు పాత కాపులకు సబ్‌వెర్షన్ మీద బెంగ పుడుతుంది. అందులో న్యాయం ఉంది కూడా. 2004లో 1.0 వెర్షన్ వచ్చిన సబ్‌వెర్షన్‌లోనూ, అంతకుముందు సీవీఎస్‌లోనూ ఏ ఫోల్డర్‌లో నిలబడి కమిట్ అంటే ఆ ఫోల్డర్, దాని కిందివి మాత్రమే వెళ్లేవి. 2005 ఏప్రిల్‌లో లైనక్స్ కెర్నెల్ వాళ్లకు బిట్‌కీపర్ ఉచితంగా దొరకడం ఆగిపోయి, లైనస్ టోర్వాల్డ్స్ గిట్ రాయడానికి కూర్చున్నాక లెక్క మారింది. గిట్‌లో కమిట్ అంటే ఉమ్మడి కుటుంబం గ్రూప్ ఫోటో. కొత్త చొక్కా తొడిగింది ఒక్కడే అయినా ఫోటోలో అందరూ ఉండాల్సిందే. ప్రతి కమిట్ మొత్తం ప్రాజెక్టును చూపిస్తుంది. మారని ఫోల్డర్లను మళ్లీ కాపీ చేయకుండా పాతవాటినే వాడుకుంటుంది కాబట్టి డిస్కు నిండదు.

గిట్ యాడ్ డాట్ మాత్రం బుద్ధిమంతురాలు, నిలబడ్డ ఫోల్డర్ దాటదు. దాని చెల్లెలు యాడ్ డాష్ పెద్ద ఏ అలా కాదు. 2014లో గిట్ 2.0 వచ్చినప్పటి నుంచి, దారి చెప్పకపోతే రిపోజిటరీ అంతా ఊడ్చుకొస్తుంది. రెండూ ఒకటేనని నమ్మేవాళ్లు ప్రతి ఆఫీసులో ఒకరైనా ఉంటారు, సాధారణంగా రివ్యూలు చేసేది వాళ్లే.

నిజంగా ఒక్క ఫోల్డరే పంపాలంటే కమిట్ చివర రెండు డాష్‌లు పెట్టి ఫోల్డర్ పేరు రాస్తే చాలు. వేరేచోట ఏం స్టేజ్ చేసి ఉంచినా దాని జోలికి పోదు, అది అలాగే తర్వాతి కమిట్ కోసం కాచుకుని ఉంటుంది. హమ్మయ్య అనుకునేలోపే మెలికలు మొదలు. ఫోల్డర్‌లో కొత్తగా సృష్టించిన ఫైలును యాడ్ చేయకపోతే అది వెనకే ఉండిపోతుంది. యాడ్ డాష్ పీతో ఒకే ఫైలులో సగం మార్పులు జాగ్రత్తగా ఏరి పెట్టుకున్నారా? ఫోల్డర్ పేరు చెప్పగానే ఆ ఏరివేతంతా గంగలో కలిసి, ఫైలు డిస్కు మీద ఎలా ఉందో అలా వెళ్లిపోతుంది. మెర్జ్ మధ్యలో అడిగితే పాక్షిక కమిట్ కుదరదని గిట్ మొహం మీదే చెప్పేస్తుంది.

ఇంత గుర్తుపెట్టుకోలేక లీడ్ ప్రీ-కమిట్ హుక్ రాస్తాడు. స్టేజ్ అయిన ఫైళ్ల పేర్లు చూసి, లాగిన్ ఫోల్డర్ బయటిది ఒక్కటున్నా కమిట్‌ను ఆపేసే చిన్న స్క్రిప్టు. అయితే హుక్‌లు డాట్ గిట్ ఫోల్డర్‌లో ఉంటాయి, క్లోన్‌తో పాటు రావు. కొత్తగా చేరినవాడి మెషీన్‌లో ఎవరో ఒకరు పెట్టాలి. పెట్టినా నో వెరిఫై అనే ఆప్షన్ ఉంది. యూనిట్ టెస్టు రాయడం రాని జూనియర్‌కైనా అది నోటికొచ్చు.

చివరికి సర్వర్ మీద ప్రీ-రిసీవ్ హుక్ పెడతారు. అక్కడ నో వెరిఫై పప్పులుడకవు, పుష్ వెళ్లిన దారినే తిరిగొస్తుంది. ఎందుకు ఆపిందో హుక్ చెప్పే మాట పంపినవాడి టెర్మినల్‌లోనే కనబడుతుంది. ఒంట్లో కాస్త చమత్కారం ఉన్న లీడ్ అయితే అక్కడ ఇలా రాసిపెడతాడు: "బాబూ, ఈ కాన్ఫిగ్ మీ ల్యాప్‌టాప్‌ది, మాది కాదు."